కుక్కకు ముప్పై రోజులు

మా చెల్లెలు డార్కస్ నడుపుతున్న స్కూలు బస్సు రోడ్డు దిగి బ్లూబెర్రీ చేలోకి వెళ్ళి ఆగిపోయిన చోట పోయినవారం మనం విడిపోయాం. బస్సులో పంతొమ్మిది మంది పిల్లలు. ఒకడికి పెదవి చిట్లింది, మిగతావాళ్ళకు గీత కూడా పడలేదు. డార్కస్ మాత్రం స్టీరింగు మీదికి ఒరిగిపోయి ఉంది. ఊరంతా పరిగెత్తుకొచ్చింది. వచ్చినవాళ్ళలో సగంమంది ముందు ఆమె నోటి దగ్గర వాసన చూశారు, ఆ తర్వాత నాడి చూశారు. ఆ సగంమంది పేర్లూ నాకు తెలుసు. వాళ్ళందరూ నా కొట్లోనే పాలూ రొట్టే కొనుక్కుంటారు.

నా చెల్లెలు తాగదు. కౌంటీ ఆసుపత్రికి చేరేసరికి ఆమె గుండె నిమిషానికి ముప్పై నాలుగుసార్లు కొట్టుకుంటోంది. గుండె పైగదులు పంపే కబురు కిందిగదులకు అందడం లేదన్నారు. మెడ పక్కనుంచి సన్నటి తీగ ఒకటి లోపలికి పంపి, మంచం పక్కన పెట్టిన పెట్టెతో గుండెను కొట్టిస్తున్నారు. మా నాన్న యాభై ఒకటో ఏట గుండె ఆగి చనిపోయాడు కాబట్టి ఇది వంశంలో ఉన్న జబ్బేనని గుండె డాక్టరు తేల్చేశాడు. రేపు పొద్దున ఎనిమిదింటికి శాశ్వతంగా పేస్‌మేకర్ పెడతానని చెప్పి వెళ్ళిపోయాడు.

అది మంగళవారం, బస్సు రోడ్డు దిగిన మర్నాడు. పొద్దున పదకొండు కావస్తోంది. ఆసుపత్రి రెండో అంతస్తులో, రోగుల బంధువులు కూర్చునే చిన్న గదిలో నేనూ, మా కుటుంబ డాక్టరు ప్రౌటీ గారూ ఎదురుబొదురుగా కూర్చున్నాం. మా మరిది మర్టన్ ఇంటికి వెళ్ళాడు, డార్కస్ దుస్తులూ కళ్ళజోడూ తేవడానికి. వాళ్ళమ్మాయి రోవెనా తెల్లవారకముందే తండ్రి పడవ తీసుకుని సముద్రం మీదికి వెళ్ళింది. ఈ గొడవలో పడి నిన్న సముద్రంలో వేసిన లాబ్‌స్టర్ బోనులు లాగినవాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళ పిల్ల, ఒక్కతే వెళ్ళింది.

ప్రౌటీ గారు డార్కస్ ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఆయనకు డెబ్బై ఒకటి. డార్కస్‌కు రోవెనా పుట్టినప్పుడు పురుడు పోసింది ఆయనే. ఇంత మంచి మనిషిని ఇంతలా అసహ్యించుకోవడం నాకే కష్టంగా ఉంది.

"ఎన్నిసార్లు చెప్పాలి వర్నా నీకు? పిడుదు కుట్టి వచ్చే ఆ లైమ్ జబ్బు కాదది. పరీక్ష చేయించానా, లేదా? జూన్ ఇరవై నాలుగు. ఇదిగో, చూడు. లేదు అని వచ్చింది."

"ఆ కాగితం నాకు నోటికొచ్చు డాక్టరుగారూ. జూన్‌లో జ్వరమొస్తే వేసవి ఫ్లూ అన్నారు. ఆగస్టులో దాని మూతి పక్కకి జారిపోతే నరం వాచిందన్నారు. మొన్న మెట్లెక్కలేక ఆయాసపడితే, మీ ఇంటి ఆడాళ్ళకి నలభై దాటాక కంగారెక్కువ అన్నారు. ప్రతిసారీ నేను పిడుదు జబ్బేమో చూడండి అన్నాను. ప్రతిసారీ మీరు ఈ కాగితమే తీశారు."

"ఏం చెయ్యమంటావు? పేపర్లో చదివిన ప్రతి జబ్బూ ప్రతివాళ్ళకీ ఉందంటే ఎలా? నలభై ఏళ్ళ నుంచి ఇక్కడ వైద్యం చేస్తున్నాను. ఆ పిడుదులు దక్షిణాన కనెటికట్ రాష్ట్రం వైపు. ఇక్కడ ఏడాదికి ఒకటో రెండో."

"అవునవును. రాష్ట్రం సరిహద్దు దగ్గర వంతెన మీద పోలీసులు ఆపి, మీకు లోపలికి అనుమతి లేదని వెనక్కి పంపేస్తున్నారు కదా వాటిని."

ఆయన నవ్వలేదు. నేను నవ్వించడానికి అనలేదు. మా ఊళ్ళో పశువుల డాక్టరు కొత్తగా వచ్చే ప్రతి కుక్కకూ చెవి వెనక నుంచి పిడుదులు పీకి సీసాలో వేస్తాడు. ఆ సీసా ఆయన బల్ల మీదే ఉంటుంది, సగానికి పైగా నిండి ఉంటుంది. ప్రౌటీ గారి సొంత క్లినిక్కు ఆ పశువుల ఆసుపత్రికి ఎదురువరసలోనే. ఇరవై అడుగుల రోడ్డు దాటి ఆ సీసా ఈయన బల్ల మీదికి రాలేదు.

అప్పుడే డాక్టరు హెల్‌స్ట్రోమ్ లోపలికి వచ్చింది. ముప్పై దాటని మనిషి, విస్కాన్సిన్ నుంచి ఈ వేసవిలోనే వచ్చి ఈ ఆసుపత్రిలో చేరింది. చేతిలో పొడుగాటి కాగితం చుట్ట ఉంది. కూర్చోకుండానే మాట్లాడింది.

"వర్నా గారూ, మీతో కాస్త మాట్లాడాలి. డాక్టర్ ప్రౌటీ, మీరూ ఉండండి. ఇది రాత్రి తీసిన గుండె పటం, ఇది పొద్దున ఆరింటిది, ఇది ఇప్పటిది. ఒకదానికొకటి పోలిక లేదు. గంట గంటకీ మారిపోతోంది. పాతబడి అరిగిపోయిన గుండె ఇలా మారదు. లోపల ఏదో రగులుతుంటేనే ఇలా అవుతుంది. మా ఊళ్ళో ఇలాంటివాళ్ళని నలుగుర్ని చూశాను. నలుగురికీ లైమే."

"పరీక్షలో రాలేదమ్మా," అన్నారు ప్రౌటీ గారు, అలవాటుగా.

"తెలుసండీ. నిన్న మళ్ళీ రక్తం తీసి పంపించాం. బోస్టన్ నుంచి కబురు రావడానికి నాలుగు రోజులు పడుతుంది. ఈలోపల రేపు పొద్దున పేస్‌మేకర్ పెట్టేస్తారు."

"పెడితే నష్టమేంటి డాక్టరమ్మా? గుండె కొట్టుకుంటుంది కదా?" అని అడిగాను.

"కొట్టుకుంటుంది. అది గుండెని కొట్టిస్తుందండీ, రోగాన్ని చంపదు. గుండె జబ్బే అనుకుని మనం సంతోషంగా ఇంటికి పంపిస్తాం. ఆ పురుగు మాత్రం లోపలే ఉంటుంది. కీళ్ళలోకి పోవచ్చు, నరాల్లోకి పోవచ్చు. అదే ఇది లైమే అయితే, మూడు నాలుగు వారాలు నరానికి మందు ఎక్కిస్తే చాలు, ఆ గుండె తనంతట తనే దారిలో పడుతుంది. ఆవిడకి ఆ యంత్రమే అక్కర్లేదు."

"మరి ఎక్కించండి."

"గుండె డాక్టరు సంతకం పెట్టాలి. ఆయన అడిగేది ఒకటే మాట. జూన్‌లో పరీక్ష చేస్తే ఎందుకు రాలేదు అని. దానికి నా దగ్గర జవాబు లేదు. జూన్ మొదట్లో ఒంటి మీద ఎర్రమచ్చ వచ్చిందని ఆవిడే చెప్పింది, ఆ మచ్చ వచ్చిన మూడు వారాలకి చేశారు. అప్పటికి రక్తంలో కనిపించాలి. మామూలుగా అయితే కనిపిస్తుంది." ఆమె నా ఎదుట కుర్చీలో కూర్చుంది. "జూన్‌లో ఆవిడ ఏదైనా మందు వేసుకుందా? పంటికో, గొంతుకో? రెండు మూడు రోజులైనా సరే. ఆవిణ్ణి అడిగితే లేదంది."

"లేదు," అన్నాను నేను.

ఎంత తొందరగా అన్నానో నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. డార్కస్ లేదని చెప్పింది కాబట్టి నేనూ లేదన్నాను. అంతకుమించి ఆలోచించలేదని రాయాలని ఉంది. అది అబద్ధం. ఆలోచించాను, నోరు మూసుకున్నాను.

తలుపు దగ్గర మర్టన్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఒక చేతిలో దుస్తుల సంచీ ఉంది, రెండో చేతిలో డార్కస్ బస్సులోకి తీసుకెళ్ళే తిండి డబ్బాల సంచీ. మర్టన్ మాటల మనిషి కాదు. పొద్దుటినుంచి సాయంత్రందాకా నీళ్ళ మీద ఒంటరిగా తిరిగేవాళ్ళకు మాటలు అలవాటు తప్పిపోతాయి.

"వదినా," అన్నాడు. "బస్సులోంచి పోలీసులు తెచ్చిచ్చారు ఈ సంచీ. కళ్ళజోడు ఉందేమోనని వెతికాను. అడుగున ఇది దొరికింది."

ఒక చిన్న గోధుమరంగు మందుల సీసా. ఖాళీది. మర్టన్ దాన్ని నా చేతికి ఇవ్వలేదు. బల్ల మీద పెట్టాడు. ప్రౌటీ గారు కళ్ళజోడు నుదుటి మీదినుంచి దించుకుని దాన్ని తీసుకున్నారు. పైకి చదివారు.

"టగ్. యజమాని వర్నా. రోజుకు రెండు, ముప్పై రోజులు. సగంలో ఆపవద్దు. జూన్ మూడు." ఆయన తలెత్తారు. "టగ్ ఎవరు?"

"మా కుక్క," అన్నాను.

దాచడానికి ఇంకేమీ మిగలలేదు కాబట్టి చెప్పేశాను. ఇక్కడ కూడా అంతా చెప్పేస్తాను.

మే ఆఖరి సోమవారం, చనిపోయిన సైనికులను తలుచుకునే సెలవునాడు, మా నాన్న సమాధి శుభ్రం చెయ్యడం మా ఇంట్లో ఎప్పుడూ ఉన్న పని. ఈసారి నాకు కొట్లో తీరిక లేక డార్కస్, రోవెనా వెళ్ళారు. పాత శ్మశానంలో గడ్డి మోకాలిదాకా ఉంటుంది. కొడవలితో కోసి, రాయి కడిగి, జెండా పాతి వచ్చారు. టగ్ కూడా వాళ్ళతో వెళ్ళింది. వారం తిరిగేసరికి టగ్ కుంటడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు ఒక్క చుక్క రక్తం తీశాడు. పది నిమిషాల్లో లైమ్ అన్నాడు. అరవై మాత్రలు, ఎక్కడైనా పోతే పనికొస్తాయని పైన ఇంకో ఆరు ఇచ్చాడు, రెండు సీసాల్లో. మర్నాడే డార్కస్ నా కొట్టుకు వచ్చి, అరల వెనక్కి పిలిచి, మోకాలి వెనక చూపించింది. అరచేయంత ఎర్రటి వలయం, మధ్యలో తెల్లబడి ఉంది. అక్కడ గసగసాల గింజంత నల్లచుక్క ఒకటి ఉంటే గోటితో గీకేశానంది.

డార్కస్ ప్రౌటీ గారి దగ్గరికి పోతానంది. నేనే వద్దన్నాను. "ఆయన సాలీడు కుట్టిందంటాడు, పంపించేస్తాడు. అదే మందు మనుషులకీ ఇస్తారటే. ఇవి వేసుకో," అన్నాను. ఒక సీసాలోవి రెండో దాన్లోకి ఒంపి, ఆరు మాత్రలు మాత్రం వదిలి, ఆ సీసా చేతిలో పెట్టాను. అది ఇంకో నాలుగు ఇవ్వమంది. "టగ్‌కి తక్కువ పడతాయే, ఇంక అడగకు," అన్నాను.

మూడు రోజులకు మచ్చ వెళ్ళిపోయింది. నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. పైగా, పశువుల డాక్టరు పాత స్నేహితుడు, ఆయనకు మాట రాకూడదు, ఈ సంగతి ఎక్కడా అనకు అని డార్కస్ చేత ఒట్టు వేయించుకున్నాను. గుండెకు తీగ వేసి ఉన్నా ఆ ఒట్టు తప్పలేదు అది.

"మూడు రోజులు," అంది డాక్టరు హెల్‌స్ట్రోమ్. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "అదేనండీ నాకు కావలసిన జవాబు. మూడు రోజుల మందుకి రోగం చావదు. రక్తం దాన్ని గుర్తుపట్టడం మొదలుపెట్టేలోపే అది అణిగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని పరీక్షలు చేసినా లేదనే రావచ్చు. అణిగింది మళ్ళీ లేస్తుంది."

మర్టన్ నా వంకే చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ మనిషి నన్ను పల్లెత్తు మాట అనలేదు.

"టగ్‌కి ఎలా ఉంది వదినా?" అన్నాడు.

"బాగుంది."

"పొద్దున మీ ఇంటి ముందు నుంచి వచ్చాను. బంతి నోట్లో పెట్టుకుని నా బండి వెనకాలే పరిగెత్తింది." కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. కుక్కకు ముప్పై రోజులు, చెల్లెలికి మూడు రోజులు. ఆ లెక్క వాడు పైకి అనకపోయినా ఆ వీపు మీద నాకు కనిపించింది.

ప్రౌటీ గారు సీసాను బల్ల మీద పెట్టారు.

"నాకు చెప్పి ఉంటే, వర్నా... ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్తే ఏం చేసేవారు? నిజం చెప్పండి. పశువుల మందు మింగారని మమ్మల్ని నవ్వులపాలు చేసేవారా కాదా?"

ఆయన ఫైల్లో ఆ జూన్ కాగితం మళ్ళీ తీశారు. "చేసేవాణ్ణే," అన్నారు. "తర్వాత ముప్పై రోజులకి మందు రాసేవాణ్ణో లేదో తెలీదు. రాసేవాణ్ణని అనుకోవాలని ఉంది. ఆ పిల్ల ఎర్రమచ్చ వచ్చి పోయిందని చెప్పింది నాకు. సాలీడు అన్నాను. ఏ మందైనా వేసుకున్నావా అని అడగలేదు. కాగితంలో లేదని వచ్చాక ఇంక అడగడం దేనికి అనుకున్నాను." ఆయన ఫైలు మూసి హెల్‌స్ట్రోమ్ వైపు తిరిగారు. "పదమ్మా. గుండె డాక్టరుతో నేను మాట్లాడతాను. పొరపాటు నాదని చెప్తాను. ఆయన వింటాడు."

పొరపాటు నాదని ఆయన అనగలిగారు. ఆ క్షణంలో ఆయన్ని అసహ్యించుకునే హక్కు కూడా నాకు పోయింది.

ఇరవై నిమిషాల్లో సంతకం అయింది. రేపటి పేస్‌మేకర్ ఆపారు. నర్సు డార్కస్ చేతికి కొత్త సీసా తగిలించింది. నేను మంచం పక్కన కూర్చున్నాను. చెల్లెలి ముఖం ఎడమవైపు ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. ఒక కన్ను సరిగా మూతపడదు. నిద్రపోతోందో మెలకువగా ఉందో తెలియదు.

"చెప్పేశావా అక్కా?" అంది.

"చెప్పేశానే."

"పాపం, పశువుల డాక్టరు."

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. నోరు మూసుకుని పడుకో. ఈ మందుతో తగ్గిపోతుందట. బస్సు కూడా మళ్ళీ నడపొచ్చట." చివరి మాట ఎవరూ చెప్పలేదు, నేనే కల్పించాను. "నన్ను తిట్టవే. ఒక్కసారైనా తిట్టు. ఆరంటే ఆరు మాత్రలు లెక్కపెట్టి ఇచ్చానే నీకు."

డార్కస్ కుడివైపు పెదవి మాత్రం కదిపి నవ్వబోయింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"అక్కా. ఆరూ నేను వేసుకోలేదు."

"మరి?"

"మూడే వేసుకున్నాను. మిగతా మూడు రోవెనాకిచ్చాను. దానికీ వచ్చింది మచ్చ, నడుం మీద. నాకంటే పెద్దది. అందుకే ఇంకో నాలుగు అడిగాను. నువ్వు టగ్‌కి తక్కువ పడతాయన్నావు."

మంచం పక్కన పెట్టె లయ తప్పకుండా గుండెను కొట్టిస్తూనే ఉంది. నాకు ఆదివారం గుర్తుకొచ్చింది. రోవెనా కొట్టుకు వచ్చింది, వాపు దిగని మోకాలికి గుడ్డ కట్టుకుని. డబ్బా అందుకోబోయి, కౌంటరు పట్టుకుని ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయింది. ముఖం పాలిపోయింది. "ఏమే, కళ్ళు తిరిగాయా?" అన్నాను. "పొద్దున ఏమీ తినలేదు పెద్దమ్మా," అంది. నేను ఒక డోనట్ చేతిలో పెట్టి, ఈ కాలం పిల్లలకు తిండి మీద ధ్యాస లేదని నవ్వాను.

డార్కస్‌కు ఏమీ చెప్పకుండా లేచి బయటికి వచ్చాను. మర్టన్ ఇంకా ఆ కిటికీ దగ్గరే ఉన్నాడు. బయట పొగమంచు పార్కింగు స్థలందాకా వచ్చేసింది, కార్లు కనిపించడం లేదు.

"మర్టన్, రోవెనాతో ఎవరైనా వెళ్ళారా?"

"లేదు వదినా, ఒక్కతే. పడవ కట్టేసి పదకొండింటికల్లా ఆసుపత్రికి ఫోన్ చేస్తానంది." వాడు నా ముఖం చూశాడు. "ఏం? ఏమైంది?"

వాడి తల మీదుగా గోడ గడియారం వంక చూశాను. పన్నెండు దాటి ఇరవై నిమిషాలు అయింది.